మిక్సీ వాళ్ళది, పొగ మాది

మనుషుల్ని విసిగించే చప్పుళ్ళు తయారుచేయడం నా ఉద్యోగం. ఎనభైల మొదట్లో అమెరికాలో నోవై అనే ఊళ్ళో, కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో పనిచేసేవాణ్ణి. సీటు బెల్టు పెట్టుకోకపోతే కారు గీపెడుతుంది కదా. ఆ గీ ఎంత గట్టిగా ఉండాలి, ఎంతసేపు ఉండాలి, డ్రైవరు విసుగెత్తి తీగ పీకెయ్యకుండా బెల్టు మాత్రం పెట్టుకునేలా ఎలా ఉండాలి అన్నది మా విభాగం చూసేది. ఇంజనీరింగ్ చదివి ఇంత దూరం ఇందుకా వచ్చింది అని మా ఆవిడ ఒకసారి అడిగింది. ఎవరో ఒకరు చేయాలి కదా అన్నాను.

అందుచేత మా అపార్ట్‌మెంట్లలో ఇంటికొక స్మోక్ అలారం బిగించినప్పుడు నేను దాన్ని వృత్తిరీత్యా గౌరవంగానే చూశాను. తెల్లటి ప్లాస్టిక్ డబ్బా. సీలింగుకి బోర్లించిన సాసరులా ఉండేది. మా ఇంట్లో దాన్ని సరిగ్గా వంటింటి గుమ్మానికి పైన పెట్టారు. పెట్టినవాడు జన్మలో పోపు వేసి ఎరగడని ఆ చోటు చూస్తేనే తెలిసిపోతుంది. మొదటి సాయంత్రమే, పప్పులోకి ఇంగువ పోపు చిటపటలాడగానే అరిచింది. చాలా బాగా అరిచింది. మా కంపెనీలో ఎవరైనా అలాంటి చప్పుడు కనిపెట్టి ఉంటే ప్రమోషన్ ఇచ్చేవారు.

రోజువారీ పోపుకి మేమొక పద్ధతి కనిపెట్టాం. "పోపేస్తున్నా!" అని మా ఆవిడ కేకేసేది. నేను టీవీ ముందు నుంచి లేచి, తువ్వాలు పట్టుకుని వెళ్ళి దాని కింద నిలబడి, వింజామర వీచినట్టు వీచేవాణ్ణి. ఆవాలు సద్దుమణిగాక వచ్చి కూర్చునేవాణ్ణి. రెండు వారాల్లో ఇది మా సంసారంలో ఒక భాగమైపోయింది. వచ్చినవాళ్ళు వింతగా చూసేవారు, కానీ పప్పు బాగుందనేవారు.

బ్యాటరీ తీసి పారేయొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. చాలామంది అదే చేశారు. అపార్ట్‌మెంట్ల మేనేజరు నెలకోసారి చీపురు కర్రతో వచ్చి ప్రతి ఇంట్లో దాని బొత్తాం నొక్కి చూసేవాడు. ఒకప్పుడు ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసిన మనిషి. బ్యాటరీ లేకపోతే ఆ రోజే లీజు రద్దు అనేవాడు. ఊరికే మోగినా ఒప్పుకునేవాడు కాదు. మూడోసారి మోగి ఫిర్యాదు వస్తే లీజు రెన్యూ చేయనన్నాడు. దానికి ఆయన చెప్పిన కారణం నాకు ఇప్పటికీ సబబుగానే తోస్తుంది. మా పక్క వాటాలో ఒక పెద్దావిడ ఉండేది. అలారం మోగిన ప్రతిసారీ ఆవిడ పిల్లిని చంకనేసుకుని మంచులోకి వచ్చి నిలబడేది. "రెండుసార్లు వస్తుంది, మూడుసార్లు వస్తుంది. ఆ తర్వాత రావడం మానేస్తుంది. నిజంగా అంటుకునేది అప్పుడే," అన్నాడు. మా ఆఫీసు మీటింగుల్లో మేం గంటలకొద్దీ మాట్లాడుకునే విషయం ఆయన గుమ్మంలో నిలబడి చెప్పేశాడు.

ఆ ఇల్లు పోతే మాకు పోయేది ఇల్లొక్కటే కాదు. మా ఆవిడ రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ. వచ్చిన మూడేళ్ళకి, ఎన్నో పరీక్షలు రాశాక, దగ్గర్లోని ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం వచ్చింది. ఆసుపత్రి మా వాటాల వెనకే. పెరటి తలుపు తీసి, చెట్ల మధ్య కాలిబాట పట్టి వెళ్తే దాని వెనక గేటు. ఏడింటి షిఫ్టుకి నడిచి వెళ్ళేది. నడవక తప్పదు, ఎందుకంటే డ్రైవింగ్ టెస్టు అప్పటికి రెండుసార్లు పోయింది. మొదటిసారి పార్కింగులో ప్లాస్టిక్ కోన్‌ని గుద్దింది. రెండోసారి పచ్చ లైటు దగ్గర ఆగి, ఎదురుగా ఉన్నవాణ్ణి ముందు వెళ్ళమని చెయ్యి ఊపింది. మర్యాదకి ఆ టెస్టులో మార్కులు లేవు. ఆ ఊళ్ళో బస్సులూ లేవు. నా ఆఫీసు ఇంకో దిక్కున, అదీ ఏడింటికే. ఆ కాలిబాట మీదే ఆవిడ ఉద్యోగం నడిచేదని చెప్పాలి.

మా పై వాటాలో ఒక తెలుగు కుటుంబం ఉండేది. ఆయన నన్ను బావగారూ అనేవాడు, నేనూ ఆయన్ని బావగారూ అనేవాణ్ణి. ఏ చుట్టరికమూ లేదు. దూరదేశంలో ఎవరో ఒకరు బావగారు కావాలి కదా. ఆ లెక్కన మా ఆవిడ ఆయనకి చెల్లెమ్మ, ఆడవాళ్ళిద్దరూ ఒకరికొకరు వదినలు. ఇంకో రెండు తెలుగు కుటుంబాలు ఎదుటి బిల్డింగులో ఉండేవి. మొత్తం నాలుగిళ్ళు. మా ప్రపంచం అంతే.

పై వాటా వాళ్ళకి ఇండియా నుంచి తెచ్చుకున్న మిక్సీ ఉండేది. ఇక్కడి కరెంటుకి అది పనిచేయదు కాబట్టి దానికొక ట్రాన్స్‌ఫార్మర్, దాన్ని మోయడానికి ఒక మనిషి. నాలుగిళ్ళకీ అదే మిక్సీ. అందుకని కందిపొడి, కారప్పొడి, కూరపొడి అన్నీ ఒకేసారి, ఒకే ఇంట్లో కొట్టుకునేవాళ్ళం. ఒక శనివారం పొద్దున నలుగురాడవాళ్ళూ కూర్చుని ఎండుమిరపకాయలు మూకుడు తర్వాత మూకుడు వేయించేవారు. మగవాళ్ళం దగ్గుతూ రాజకీయాలు మాట్లాడేవాళ్ళం. అలారాలు వచ్చాక, నాలుగిళ్ళూ కూర్చుని ఒక ఒప్పందం చేసుకున్నాం. ఒక్కోసారి ఒక్కొక్కరింట్లో. వంతు. అప్పుడు ఎవరికీ ఒకటి కంటే ఎక్కువ వార్నింగు పడదు. మంచి ప్రణాళిక. దాన్ని అంత చక్కగా విడమరచి చెప్పింది పై వాటా బావగారే.

మొదటి వంతు మాది. మోగింది. పక్కావిడ పిల్లితో బయటికి వచ్చింది. మాకొక వార్నింగు. రెండోది ఎదుటి బిల్డింగులో ఒకరిది. వాళ్ళకొకటి. మూడోది పై వాటా వాళ్ళది. అప్పటికి ఆయన తల్లిగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, ఆవిడకి ఉబ్బసం. ఉబ్బసం ఉన్న పెద్దావిడ మీద మిరపకాయల పొగ పెట్టే మనుషులం కాదు మేం. మా ఇంట్లోనే కానిచ్చాం. మాకు రెండో వార్నింగు.

వేసవి తిరక్కుండానే ఆవిడ ఇండియా వెళ్ళిపోయారు. దీపావళి దాటాక మళ్ళీ పొడుల అవసరం వచ్చింది. వంతు పై వాటా వాళ్ళదే అని అందరికీ తెలుసు. ఒక సాయంత్రం ఆయన కిందికి వచ్చాడు. కాఫీ ఇచ్చాం.

"బావగారూ, వంతు మాదే. కాదనను," అన్నాడు. "కానీ మా ఇంట్లో పాలు పొంగినా మోగుతుందండీ అది. పైన కదా, పొగ పోవడానికి దారి లేదు. మీకైతే పెరటి తలుపుంది. ఇటు నుంచి అటు గాలి కొట్టుకుపోతుంది."

"మాకు రెండు వార్నింగులు కూడా ఉన్నాయి," అన్నాను.

"మోగితే కదా! మోగినా నేనుంటాను. ఇది మా ఇంటి వంటే, మా స్టవ్ పాడై ఇక్కడ చేసుకుంటున్నాం అని వాడితో చెప్తాను. నా పేరు మీద ఒక్క వార్నింగు కూడా లేదు. నా అకౌంట్‌లో రాసుకోమంటాను. పూచీ నాది."

మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి వింటోంది. "అన్నయ్యగారూ, ఈ ఇల్లు పోతే నా జాబ్ పోతుందండీ," అంది. వేళాకోళమేమీ కాదు.

"అయ్యో చెల్లెమ్మా, నేనుండగా నీ జాబ్ పోవడమేమిటి? అంతకీ వస్తే రోజూ నేనే డ్రాప్ చేస్తాను. నా రూట్‌లోదేగా!"

కాఫీ పూర్తిచేసి, గ్లాసు తనే తీసుకెళ్ళి సింకులో పెట్టి వెళ్ళాడు. అంత మంచివాడు.

ఆ శనివారం బయట మంచు పడుతోంది. పెరటి తలుపు బార్లా తీశాం. వంటింట్లో నలుగురాడవాళ్ళూ స్వెటర్లు వేసుకుని వేయిస్తున్నారు. ఆయన మంకీ క్యాప్ పెట్టుకుని మిక్సీ దగ్గర కూర్చున్నాడు. నేను నా చోట, నా తువ్వాలుతో ఉన్నాను. తువ్వాలు ఊపడంలో అప్పటికి నాకు మంచి ప్రావీణ్యం వచ్చింది. ఫలితం మాత్రం రాలేదు. మూడో మూకుడుకి మోగింది.

"ఒక్క నిమిషం బావగారూ, పైన హీటర్ ఆపానో లేదో," అని ఆయన లేచి మెట్లెక్కాడు.

మేనేజరు వచ్చాడు. వెనక పక్కావిడ, ఆవిడ పిల్లి. నేను శాంతంగా, బావగారు చెప్తానన్న మాటలే చెప్పాను. ఇది మాది కాదు, పై వాటా వాళ్ళ వంట, వాళ్ళ స్టవ్ బాగాలేదు, కావాలంటే ఆయన్నే అడగండి అన్నాను. సరే పద అన్నాడు. ఇద్దరం మెట్లెక్కాం. తలుపు కొట్టాను.

బావగారు తలుపు తీశాడు. మంకీ క్యాప్ లేదు. చొక్కా మార్చుకున్నాడు. చేతిలో న్యూస్‌పేపరు.

"కింద వంట మీదేనా?" అని అడిగాడు మేనేజరు.

ఆయన నా వైపు చూడలేదు. చక్కటి ఇంగ్లీషులో, మేం ఆ రకం వంటలు చేయమండీ, మాకు ఎక్కువగా అవెన్‌లోనే, అన్నాడు. అని దగ్గాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఫ్లూ అన్నాడు. ఆ సమయంలో ఆయన భార్య కింద మా వంటింట్లో అట్లకాడ పట్టుకుని, వాళ్ళింటి మిరపకాయలే తిప్పుతోంది. మేనేజరు కంటికి మా ఇంట్లో ఉన్న ఆడవాళ్ళందరూ మా చుట్టాలే. ఆయన తప్పు కాదు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

లీజు రెన్యూ చేయనని మర్నాడు చెప్పాడు. బాధపడుతూనే చెప్పాడు, అది వేరే సంగతి. ఆ సాయంత్రమే బావగారు వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"బావగారూ, వాడు అంత కోపంగా వస్తాడనుకోలేదండీ. నోరు పెగల్లేదు. మా గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది కదా, ఎక్కడైనా పేరు పడిందంటే... మీరైతే సెటిల్డ్. ఏమనుకోకండి."

మిరపకాయలకీ గ్రీన్ కార్డుకీ ఏమిటి సంబంధమో ఏ లాయరైనా చెప్పగలడేమో నాకు తెలియదు. కానీ నమ్మాను. భయపడినవాణ్ణి నమ్మడం తేలిక. మనమూ ఏదో ఒకదానికి భయపడుతూనే ఉంటాం కదా. "డ్రాప్ చేస్తానన్నారుగా," అని మాత్రం అంది మా ఆవిడ.

ఇల్లు మారేటప్పుడు వాళ్ళు చేసిన సాయం ఇంకెవరూ చేయలేదు. ఆయన సోఫా ఒక కొస పట్టుకుని మంచులో వెనక్కి నడిచాడు. ఆయన భార్య పులిహోర చేసి తెచ్చింది. ఖాళీ అయిన గదుల్లో ఆయన ఒకసారి అటూ ఇటూ తిరిగి, కిటికీల వెడల్పు జానలతో కొలుచుకున్నాడు. మనిషికి కొలతలంటే సరదా అనుకున్నాను. ఇంజనీరే కదా.

కొత్త ఇల్లు ఊరికి అవతలి చివర దొరికింది. పొద్దున్నే మా ఆవిడని ఆసుపత్రిలో దింపి నేను ఆఫీసుకి వెళ్ళాలంటే, చీకటితోనే బయల్దేరాలి. ఇంకా తాళాలు తీయని ల్యాబు ముందు, లాబీలో ఆవిడ కూర్చునేది. మంచు ఎక్కువగా ఉన్న రోజున నాకు ఆలస్యమయ్యేది. మా బాసు గడియారం చూసేవాడు. అప్పుడు బావగారికి ఫోన్ చేశాను. తప్పకుండా అన్నాడు. మర్నాడు ఆయనే ఫోన్ చేసి, ఆఫీసు టైమింగ్స్ మారాయి, ఇన్సూరెన్సువాళ్ళు కూడా వేరేవాళ్ళని ఎక్కించుకుంటే ఒప్పుకోరట అన్నాడు. ఇన్సూరెన్సు గురించి నాకు అంతగా తెలియదు కాబట్టి వాదించలేదు. జనవరి చివర మా ఆవిడ రాజీనామా ఇచ్చింది.

ఈలోగా మా పాత వాటాలోకి పై వాటా వాళ్ళే దిగారని తెలిసింది. దానికీ ఒక మాట చెప్పాడు బావగారు. "ఎలాగూ ఖాళీ అయింది కదా, ఎవరో దిగే బదులు మనవాళ్ళ ఇల్లు మనవాళ్ళకే ఉండనిద్దామని." వినడానికి బాగుంది. గృహప్రవేశానికి పిలిచాడు. అద్దె ఇంటికి, అదీ మెట్ల పై నుంచి మెట్ల కిందికి గృహప్రవేశమేమిటని అనకండి. మనవాళ్ళం పాలు పొంగించకుండా ఎక్కడా దిగం.

ఆ శనివారం మా ఆవిడకి ఆఖరి షిఫ్టు. ల్యాబువాళ్ళు కేకు కోశారట. ఒక ముక్క రేకు కాగితంలో చుట్టుకుని, వెనక గేటు దాటి, ఆ కాలిబాట మీదే నడిచి ఆ ఇంటికి వచ్చింది. నేను అప్పటికే అక్కడున్నాను. మా పెరటి తలుపు కొట్టింది. మా అనడం అలవాటు. బావగారి భార్య తీసింది.

"రా వదినా, రా! పాపం, చలిలో వచ్చావు."

నేను హాల్లో నిలబడి సీలింగు చూస్తున్నాను. వంటింటి గుమ్మం పైన అలారం లేదు. స్క్రూలు ఉండిన చోట తెల్ల సున్నం అతుకు. డబ్బా లోపలికి, పడకగదుల వైపు, నడవా చివరికి వెళ్ళిపోయింది. వంటింట్లో గారెలు వేగుతున్నాయి. ఇల్లంతా నూనె పొగ. ఒక్క చప్పుడు లేదు.

బావగారు నా చూపు గమనించి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"అడిగితే మార్చేశాడు బావగారూ! వంటింటికి దూరంగా ఉంటే పోపులకి మోగదట. నిద్రలో వినపడాలంటే అసలు ఉండాల్సిందే అక్కడట. మంచివాడండీ, అడగాలంతే. పైన మా ఇంట్లో కూడా వాడే మార్చాడు, బిగించిన ఏడే."

"బిగించిన ఏడే?"

"ఆఁ. అప్పట్నుంచీ ఒక్కసారి మోగలేదు," అన్నాడు గర్వంగా. చెప్పాక ఏదో గుర్తొచ్చినట్టు, వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు ఇస్తానని హాల్లో అటు చివరికి వెళ్ళాడు.

పాలు పొంగినా మోగే ఇల్లు అది. నేను చప్పుళ్ళ మనిషిని. పై నుంచి ఏడాదిగా ఒక్క చప్పుడూ వినపడకపోవడం నాకు వినపడలేదు.

వంటింట్లో బావగారి భార్య మా ఆవిడతో మాట్లాడుతోంది. ఆవిడ మనసులో ఏదీ దాచుకునే మనిషి కాదు. అసలు దాచాల్సిన విషయమని ఆయన ఆవిడకి చెప్పి ఉండడు.

"మా అత్తగారు వేసవికి మళ్ళీ వస్తారు వదినా. మెట్లెక్కలేకపోయారు కిందటిసారి. అందుకే దసరాకే ఈయన మేనేజర్‌తో చెప్పి పెట్టారు, ఈ ఇల్లు ఖాళీ అయితే మాకే ఇవ్వమని. అసలు ఖాళీ అవుతుందో లేదో అని ఎంత టెన్షనో!"

"దసరాకా?" అంది మా ఆవిడ.

"ఆఁ. బొమ్మల కొలువు ఎత్తేసిన మర్నాడే."

మా ఇంట్లో మూడోసారి మోగింది దీపావళి దాటాక. అంతవరకూ ఇల్లు ఖాళీ చేసే ఆలోచన మాకే లేదు. ఆయనకి ముందే ఉంది. పూచీ నాది అని, కాఫీ తాగి, గ్లాసు సింకులో పెట్టి వెళ్ళాడు. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఆయన్ని భయస్థుడనుకుని ఇన్నాళ్ళూ జాలిపడ్డాను. ఆ జాలి ఇప్పుడు తిరిగి ఎవరికి ఇవ్వాలో తెలియలేదు.

మా ఆవిడ చేతిలోని కేకు పొట్లం బల్ల మీద పెట్టింది. ముఖంలో ఏమీ తెలియలేదు. ల్యాబులో ఎవరి రక్తంలో ఏముందో చూసి చూసి, చెడ్డ కబురుకి ముఖం మార్చకపోవడం నేర్చుకుంది.

"ఇంక తీరికే కదా వదినా నీకు," అంది ఆవిడ గారె తిప్పుతూ. "వచ్చే నెల పొడులు మీ కొత్తింట్లో పెట్టుకుందాం. మీదైతే ఇండిపెండెంట్ హౌస్‌లా ఉందటగా, పక్కన ఎవరూ ఉండరట. మిక్సీ ఈయన కార్‌లో పడేసి తెస్తారు."

తెలుగులో కాదనడానికి చాలా మాటలున్నాయి. చూద్దాంలే, కుదిరితే, అలాగే మరి, ఈయన్నడిగి చెప్తాను. మా ఆవిడకి అవన్నీ వచ్చు. పెళ్ళయినప్పట్నుంచీ ఎవరికీ ఇంకో మాట చెప్పగా నేను వినలేదు.

"వేయించను," అంది.

గట్టిగా అనలేదు. వంటింట్లో ఉన్నవాళ్ళందరికీ వినపడింది. హాల్లో బావగారికి వినపడింది. ఆయన భార్య అట్లకాడ పట్టుకునే ఉండిపోయింది. మూకుట్లో గారెలు మాడటం మొదలుపెట్టాయి.

"అదేంటి చెల్లెమ్మా, జోకా?" అని నవ్వాడు బావగారు, నా వైపు చూస్తూ. జోకులు వేసేది నేనే కాబట్టి నేనేదో ఒకటి అని సర్దుతానని ఎదురుచూశాడు. నేను వెళ్ళి కోట్లు తెచ్చాను.

భోజనం చేయకుండా వచ్చేశాం. ఆ నాలుగిళ్ళ లోకంలో అది చిన్న విషయం కాదు. ఏ ఇంట్లో ఎంతకాలం చెప్పుకున్నారో, ఏమని చెప్పుకున్నారో మాకు చేరలేదు. మాతో చెప్పే ఇల్లు ఏదీ మిగల్లేదు.

కారు ఎక్కాక, "ఆవిడ మంచిదే పాపం," అంది మా ఆవిడ. ఇంటికి వెళ్ళాలంటే ఆసుపత్రి ముందు నుంచే వెళ్ళాలి. మధ్యాహ్నం షిఫ్టువాళ్ళు కార్లు పెట్టుకుని లోపలికి నడుస్తున్నారు. నేను కాస్త నెమ్మది చేశాను. ఆవిడ అటు చూడలేదు.

"పోనీ," అంది.